శరత్కాలపు చక్కెర: మగధ నుంచి జపాన్ దాకా

దీపావళి దగ్గర పడిందంటే జంషెడ్‌పూర్ బజార్లలోకి చక్కెర బొమ్మలు దిగుతాయి. ఏనుగు, గుర్రం, చేప, గోపురం. పాకాన్ని చెక్క అచ్చుల్లో పోసి తీసిన తెల్లటి బొమ్మలు. కొన్నిటికి గులాబీ రంగు, పసుపు రంగు కలుపుతారు. ఇక్కడివాళ్ళు వాటిని ఖిలౌనా అంటారు. ఆటబొమ్మ అని అర్థం. బీహార్, జార్ఖండ్ ఇళ్ళలో ఆడపిల్లలు ఆ రోజుల్లో మట్టితోనో అట్టముక్కలతోనో ఒక బుల్లి ఇల్లు కడతారు. దాని పేరు ఘరౌందా. చిన్న చిన్న మట్టి ముంతల్లో పేలాలు, మరమరాలు, బతాసాలు, ఈ చక్కెర బొమ్మలు నింపి అందులో పెడతారు. మన ఆంధ్రలో పంచదార చిలకలు ఎక్కువగా పెళ్ళి సారెలోనూ సంక్రాంతికీ కనిపిస్తాయి. తెలంగాణలో చక్కెర పేర్లు హోళీకి వస్తాయి. ఇక్కడ మాత్రం చక్కెర బొమ్మ శరదృతువుది.

సీతారాండేరాలో మా వీధిలో ఒక అమ్మాయి ఉంది. ఆమె అత్తవారిది మా శ్రీకాకుళం వైపే. కారఖానా పని కోసం తాతల కాలంలో ఇటు వచ్చిన కుటుంబం. దంపతులిద్దరూ మూడేళ్ళ కిందట ధమ్మదీక్ష తీసుకున్నారు. పోయిన ఏడు దీపావళి ముందు ఆమె మా గుమ్మంలో నిలబడి అడిగింది: "పిన్నీ, పిల్ల చక్కెర ఏనుగు కావాలని ఏడుస్తోంది. మనం బౌద్ధులం కదా, కొనొచ్చా?"

అప్పటికి సరైన జవాబు చెప్పలేకపోయాను. చదివింది లా కాబట్టి నాకో అలవాటు ఉంది. ఏ ప్రశ్నకైనా ముందు నియమం ఏమిటి, అది ఎందుకు పుట్టింది అని చూస్తాను. బాబాసాహెబ్ మనకిచ్చిన 22 ప్రతిజ్ఞలు మళ్ళీ చదివాను. తినే తాగే వాటిలో ఆయన నిషేధించింది మత్తును మాత్రమే. మిఠాయి మాట లేదు. అయినా నాకు తృప్తి కలగలేదు. నిషేధం లేనంత మాత్రాన ఒక వస్తువు మనదైపోదు కదా. అందుకని వినయ పిటకం తీశాను. అక్కడ నాకు దొరికిన చక్కెర కథ నన్ను మగధ నుంచి చైనాకు, చైనా నుంచి జపాన్‌కు తీసుకెళ్ళింది. దాన్ని మీతో పంచుకోవాలనే ఈ వ్యాసం.

శరత్కాలపు జబ్బు

మహావగ్గంలో ఔషధాల గురించిన అధ్యాయం ఒకటి ఉంది. దాన్ని భేసజ్జ ఖంధకం అంటారు. అది శరదృతువుతోనే మొదలవుతుంది. భగవానుడు సావత్థిలో జేతవనంలో ఉన్నాడు. భిక్ఖువులకు శరత్కాలపు జబ్బు పట్టుకుంది. తాగిన గంజి వాంతి అవుతోంది, తిన్న అన్నం వాంతి అవుతోంది. మనుషులు చిక్కిపోయి, ఒళ్ళు పాలిపోయి, నరాలు తేలి కనిపిస్తున్నారు. వానలు వెనకబట్టి ఎండ మళ్ళీ ముదిరే ఆశ్వయుజ, కార్తీక మాసాల్లో జ్వరాలు, కడుపు జబ్బులు ఎలా వస్తాయో సువర్ణరేఖ ఒడ్డున ఉండే మా బస్తీల వాళ్ళకు చెప్పక్కర్లేదు.

బుద్ధుడు ఆనందుణ్ణి కారణం అడిగాడు. విన్నాక ఆలోచించింది ఒక్కటే: ఔషధంగా లోకం ఒప్పుకునేది, ఒంటికి బలమిచ్చేది, అయినా పూర్తి భోజనం అనిపించుకోనిది ఏది? ఐదు వస్తువులు తేలాయి. నెయ్యి, వెన్న, నూనె, తేనె, చెరకు పాకం. పాలిలో ఈ చివరిదాన్ని ఫాణితం అంటారు. అంటే చక్కెర సంఘంలోకి అడుగుపెట్టింది నైవేద్యంగా కాదు, శరత్కాలపు రోగికి మందుగా.

ఆ తర్వాత జరిగింది చట్టం చదివినవాళ్ళకు మరీ ఇష్టంగా ఉంటుంది. మొదట ఆ ఐదింటినీ మధ్యాహ్నం లోపలే పుచ్చుకోమన్నారు. భిక్ఖువులు కోలుకోలేదు, ఇంకా చిక్కిపోయారు. వెంటనే నియమం సవరించారు. వేళ అయినా, వేళ దాటినా పుచ్చుకోవచ్చు అన్నారు. మనిషి ఆరోగ్యానికి అడ్డొచ్చినప్పుడు నియమం మారింది, నియమం కోసం మనిషిని చావనివ్వలేదు.

అలాగని హద్దు లేకుండానూ వదల్లేదు. రాజగహంలో పిలిందవచ్ఛుని శిష్యులకు మందులు విపరీతంగా వచ్చిపడ్డాయి. కుండల్లో నింపారు, సంచుల్లో కట్టి కిటికీలకు వేలాడదీశారు. అవి కారి విహారమంతా జిడ్డైంది. ఎలుకలు చేరాయి. జనం ఇదేమిటని నిలదీశారు. అప్పుడు ఏడు రోజుల నియమం వచ్చింది. పుచ్చుకున్న మందును ఏడు రోజులకు మించి దాచుకోకూడదు, దాచితే వదులుకోవాలి. మందుకీ కూడబెట్టుకున్న ఆస్తికీ మధ్య గీసిన గీత అది. ఈ రోజుల్లో మన బస్తీల్లో షుగర్ అంటే ముందు గుర్తొచ్చేది జబ్బే. మందు పేరు జబ్బు పేరైపోయిందంటే, మనం ఆ గీత ఎంత దాటామో చూసుకోవచ్చు.

పిండి కలిసిన బెల్లం, బెల్లం కలిసిన నీళ్ళు

అదే అధ్యాయంలో మరో రెండు సంఘటనలు ఉన్నాయి. మొదటిది కంఖారేవతుడిది. ఆయన పేరులోనే సందేహం ఉంది. కంఖా అంటే అనుమానమే. సావత్థి నుంచి రాజగహం వెళ్ళే దారిలో ఆయన బెల్లం వండే చోటు చూశాడు. అక్కడ బెల్లంలో పిండీ బూడిదా కలుపుతున్నారు. పిండి అంటే ఆహారం, ఆహారం కలిసిన బెల్లాన్ని మధ్యాహ్నం దాటాక తినవచ్చా అని ఆయనకు అనుమానం పట్టుకుంది. తాను తినలేదు, తన మాట నమ్మినవాళ్ళూ తినలేదు. విషయం బుద్ధుడి దాకా వెళ్ళింది. ఆయన అడిగింది ఒకే ప్రశ్న: ఎందుకు కలుపుతున్నారు? గట్టిపడటానికి. అయితే దాన్ని లోకం బెల్లం అనే అంటోంది కాబట్టి అది బెల్లమే, నిస్సంకోచంగా తినండి అన్నాడు.

అనకాపల్లి, చోడవరం ప్రాంతాల్లో బెల్లం వంటశాల చూసినవారికి ఇది వెంటనే అర్థమవుతుంది. ఈనాటికీ మరిగే చెరకు రసంలో సున్నం వేస్తారు. రసం తేటపడుతుంది, దిమ్మ గట్టిగా కుదురుతుంది. సున్నం వేశారని దాన్ని ఎవరూ సున్నం అనరు. వస్తువును దాని ప్రయోజనాన్ని బట్టి, జనవ్యవహారాన్ని బట్టి నిర్వచించాలి. దానికి తగిలిన మైలను బట్టి కాదు. శుచి, అశుచి అనే లెక్క మీద నిలబడ్డ సమాజంలో ఈ తీర్పు ఎంత పెద్దదో మన పాఠకులకు విడమరచి చెప్పనక్కర్లేదు.

రెండోది బేలట్ఠ కచ్చానుడి కథ. బుద్ధుడు అంధకవింద నుంచి రాజగహానికి నడిచి వస్తున్నాడు. ఎదురుగా కచ్చానుడు ఐదు వందల బండ్లతో వస్తున్నాడు. అన్నిటి నిండా బెల్లం కుండలే. ప్రతి భిక్ఖువుకూ ఒక్కో కుండ ఇస్తానన్నాడు. ఇచ్చాక ఇంకా మిగిలింది. మళ్ళీ తృప్తిగా పెట్టమన్నారు. పాత్రలు నిండాయి, ఇంకా మిగిలింది. అప్పుడు ఎంగిలి మెతుకులు ఏరుకుని బతికేవాళ్ళకు ఇమ్మన్నారు. వాళ్ళకూ కావలసినంత ఇచ్చి, వాళ్ళు తిని, తెచ్చుకున్నవాటిలో నింపుకున్నాక కూడా మిగిలిందట. ఆ తర్వాత గ్రంథంలో ఒక మహిమ వస్తుంది, దాన్ని పక్కన పెడదాం. మనకు కావలసింది ఆ వరస. సంఘంతో మొదలైన పంపకం ఊరి చివర ఎంగిలి మెతుకులు తినేవాడి దగ్గర దాకా వెళ్ళింది. వాడికీ దొరికింది విదిలింపు కాదు, కడుపు నిండా.

ఆ కథ చివర ఒక నియమం ఉంది. రాజగహంలో బెల్లం పుష్కలంగా దొరికింది. అది రోగులకే కదా అని భిక్ఖువులు వెనకాడారు. రోగి బెల్లం తినవచ్చు, రోగి కానివాడు బెల్లం నీళ్ళు తాగవచ్చు అన్నాడు బుద్ధుడు. మన తెలుగువాళ్ళ పానకం లాంటిదే ఆ బెల్లం నీళ్ళు కూడా. దేవుడి పెళ్ళితో పనిలేకుండా, అలసిన మనిషి కోసం అనుమతించిన పానకం.

చీనీ అన్న పేరు వెనక

హిందీలో చక్కెరను చీనీ అంటారు. తెల్ల చక్కెరకు చైనా పేరు అంటుకుంది. కానీ చక్కెర వండే విద్యను చైనా నేర్చుకున్నది మగధ నుంచే అని వాళ్ళ చరిత్రే చెబుతోంది. 647లో మగధ నుంచి తాంగ్ వంశపు రాజధానికి రాయబారులు వెళ్ళారు. తైజోంగ్ చక్రవర్తి చెరకు పాకం పట్టే పద్ధతి నేర్చుకు రమ్మని మనుషులను మగధకు పంపాడు. ఆ తర్వాత యాంగ్జౌ నగరాన్ని చెరకు పంపమని ఆదేశించి ఆ పద్ధతిలో వండించాడు. రంగులోనూ రుచిలోనూ పశ్చిమ దేశాల చక్కెరను మించిందని కొత్త తాంగ్ చరిత్ర అనే గ్రంథం రాసుకుంది. ఇంకో బౌద్ధ జీవితచరిత్రల గ్రంథం, చక్కెర వండేవాళ్ళతో పాటు మహాబోధి విహారపు భిక్షువులు కూడా వెళ్ళారని చెబుతుంది. మహాబోధి అంటే మన బోధ్‌గయ. జార్ఖండ్ ఉత్తరపు సరిహద్దు దాటితే వచ్చే జిల్లా.

భిక్షువులకు చక్కెరతో ఏం పని అని అడగవచ్చు. పైన చెప్పిన ఐదు మందుల నియమమే దానికి జవాబు. వినయం ఎక్కడికి వెళితే అక్కడ రోగికి ఆ ఐదు మందులూ కావాలి. చెరకు పాకం దొరకని దేశంలో దాన్ని తయారు చేయడం నేర్చుకోవాలి.

యాంగ్జౌ పేరు గుర్తుంచుకోండి. అక్కడే 688లో ఒక పిల్లవాడు పుట్టాడు. పెద్దయ్యాక వినయ పండితుడయ్యాడు. చైనా పేరు జియాన్‌జెన్, జపాన్ వాళ్ళు గంజిన్ అంటారు. జపాన్‌లో భిక్షువులకు సక్రమంగా ఉపసంపద ఇవ్వగల గురువులు లేరని, రావలసిందని అక్కడి భిక్షువులు వచ్చి వేడుకున్నారు. ఐదుసార్లు ప్రయత్నం విఫలమైంది. మధ్యలో చూపు పోయింది. ఆరోసారి, 753 చివర, జపాన్ నేల మీద అడుగుపెట్టాడు. 743లో విఫలమైన ఒక ప్రయాణానికి సర్దుకున్న సామాను జాబితా ఆయన యాత్రా చరిత్రలో ఉంది. పిప్పళ్ళు, కరక్కాయ, మిరియాలు, ఇంగువ, గడ్డ చక్కెర, చెరకు చక్కెర లాంటివి కలిపి చైనా తూకంలో ఐదు వందల చిల్లర. వాటితో పాటు తేనె, ఎనభై కట్టల చెరకు. మన ఊరి నాటు వైద్యుడి పెట్టె తెరిచినట్టు లేదూ? మగధ విద్య యాంగ్జౌ చేరి అప్పటికి 96 ఏళ్ళు.

756లో జపాన్ చక్రవర్తి షోము చనిపోయిన నలభై తొమ్మిదో రోజున, ఆయన భార్య కోమ్యో నారా నగరంలోని తొదైజి విహారపు మహాబుద్ధ విగ్రహానికి 60 రకాల మందులు సమర్పించింది. ఆ జాబితా ఈనాటికీ భద్రంగా ఉంది. అందులో చెరకు చక్కెర ఒకటి. మందులు విగ్రహం ముందు పెట్టి ఊరుకోలేదు. జబ్బుతో బాధపడేవారికి అవసరమైతే సంఘాధికారులకు తెలియజేసి వాడుకోవచ్చని ఆ పత్రంలోనే రాశారు. బుద్ధుడి పాదాల దగ్గర పెట్టిన చక్కెర చేరవలసింది రోగి నోటికి. సావత్థి నియమం వెయ్యేళ్ళకు పైబడి, సముద్రం దాటి, అలాగే నిలిచింది.

అచ్చులో శరదృతువు

కొన్నేళ్ళ కిందట బోధ్‌గయలో, చెట్టు కింద కూర్చుని ఉండగా ఒక జపాన్ యాత్రికురాలు నా చేతిలో చిన్న కాగితపు పొట్లం పెట్టింది. భాష రాదు, నవ్వి నమస్కరించింది. విప్పితే బొటనవేలి గోరంత చామంతి పువ్వు, ఒక ఎర్రటి ఆకు. నోట్లో వేసుకుంటే మంచులా కరిగిపోయింది. మన చక్కెర ఏనుగుకు దూరపు చుట్టం అని అప్పుడే అనిపించింది.

దాని పేరు రకుగాన్. నేలకు దిగుతున్న బాతుల గుంపు అని ఆ అక్షరాలకు అర్థం. శరత్కాలంలో ఉత్తరం నుంచి వలస వచ్చే అడవి బాతులు జపాన్ చిత్రకళలో శరత్తుకు గుర్తు. మన బొమ్మకీ దానికీ తేడా తయారీలో ఉంది. మనం పాకాన్ని మరిగించి పోస్తాం. వాళ్ళు మరిగించరు. వేయించిన బియ్యప్పిండి లాంటి సన్నపు పిండిలో చక్కెర కలిపి, కొద్ది తడితో నలిపి, చెక్కిన చెక్క అచ్చులో కూరి నొక్కి, తట్టి బయటికి తీసి ఆరబెడతారు. అచ్చులకు ఎక్కువగా చెర్రీ చెక్క వాడతారు, గట్టిది కనుక. చక్కెరలో పిండి కలిసింది, గట్టిపడటానికి. కంఖారేవతుడు చూసి ఉంటే మళ్ళీ అనుమానపడేవాడు! తీర్పు మాత్రం మారేది కాదు.

మంచి రకానికి వాడే చక్కెరను వసంబోన్ అంటారు. షికోకు ద్వీపంలోని పాత సనుకి, అవా ప్రాంతాల్లో చేస్తారు. 18వ శతాబ్దంలో షోగున్ యోషిమునే స్వదేశీ చెరకు సాగును ప్రోత్సహించాక ఆ శతాబ్దం చివరికి ఈ పద్ధతి కుదిరింది. ముతక చక్కెరను బట్టలో చుట్టి బరువులు పెట్టి మడ్డి కార్చేస్తారు. తీసి, నీళ్ళు చిలకరించి చేత్తో పిసుకుతారు, మళ్ళీ బరువు పెడతారు. ఇలా చాలాసార్లు చేశాక మీగడ రంగు మెత్తటి పొడి మిగులుతుంది. ఇంకో రకం చక్కెర మిఠాయి కొంపేతో. ముళ్ళు ముళ్ళుగా ఉండే చిన్న గుండు. ఆ పేరు పోర్చుగీసు మాట కొన్‌ఫెయితో నుంచి వచ్చింది. 1569లో జెసూట్ పాదరీ లూయిష్ ఫ్రోయిష్ దాన్ని గాజు సీసాలో పెట్టి ఓడా నొబునాగాకు కానుక ఇచ్చాడు.

ఈ పొడి మిఠాయిల్లో ఋతువు కనిపించాలన్నది వాళ్ళ పద్ధతి. సెప్టెంబరు వస్తే చామంతి, చందమామను చూసే పండుగకు కుందేలు. అక్టోబరు, నవంబరుల్లో ఎర్రబారిన మేపుల్ ఆకు, పచ్చబడిన గింకో ఆకు, చెస్ట్‌నట్ కాయ, పుట్టగొడుగు, పైన్ సూదులు. వీటన్నిటినీ కలిపి చిన్న బుట్టలో పోసి ఇస్తే దాన్ని ఫుకియోసె అంటారు, గాలి ఒక మూలకు ఊడ్చి తెచ్చిన ఆకులు అన్నట్టు. రాలిపోయే ఆకును రాలిపోయే ముందు చక్కెరలో చేసి, అది కూడా నాలుక మీద కరిగిపోయేలా చేయడం. అనిచ్చం గురించి మన ఉపాసకులకు నేను పది నిమిషాలు చెప్పేది ఆ ఎర్రటి ఆకు పది క్షణాల్లో చెప్పింది.

శరత్కాలంలోనే ఒహిగాన్ అనే ఏడు రోజుల ఆచారం ఉంది. పగలూ రాత్రీ సమానమయ్యే రోజు మధ్యలో, ముందు మూడు రోజులు, వెనక మూడు రోజులు. హిగాన్ అంటే అవతలి ఒడ్డు. మన గ్రంథాల్లో పారం అనే మాటకు చైనా అనువాదం అది. 806లో, అన్యాయంగా చనిపోయిన సవారా రాకుమారుడి కోసం దేశమంతటి విహారాల్లో వసంతంలోనూ శరత్తులోనూ ఏడేసి రోజులు వజ్రచ్ఛేదిక సూత్రం చదవాలని ఆజ్ఞ వెలువడింది. ఈ ఆచారానికి అది పాత ఆధారం. ఇప్పుడు జనం సమాధుల దగ్గరికి వెళతారు, ఇంట్లో బుద్ధపీఠం ముందు తామర, చామంతి ఆకారపు రకుగాన్ పెడతారు. తర్వాత అవి ఇంటిల్లిపాదీ పంచుకుంటారు. 1948లో చేసిన సెలవు దినాల చట్టంలో ఈ రోజుకు ప్రభుత్వం రాసుకున్న ప్రయోజనంలో దేవుడి ప్రస్తావన లేదు. పూర్వీకులను గౌరవించడం, పోయినవారిని తలచుకోవడం, అంతే.

తీపి వెనక చేతులు

ఇంతవరకే చెప్పి ఆపితే అది సగం చరిత్ర. రెండో సగం చేదు.

1609లో సత్సుమా పాలకులు ర్యూక్యూ రాజ్యం మీద దండెత్తి, అమామి ద్వీపాలను తమ ఏలుబడిలోకి తెచ్చుకున్నారు. అక్కడి నల్ల చక్కెర వాళ్ళ ఖజానా అయింది. 1830లో మొత్తం పంట పాలకులకే అమ్మాలని కట్టడి చేశారు. దొంగతనంగా అమ్మితే ప్రాణం తీసే నేరం. పన్ను చక్కెర కట్టలేని రైతు అప్పులో పడి, తనను తానే అమ్ముకుని వెట్టివాడయ్యేవాడు. అలాంటివారిని యాంచు అనేవారు. ఏడు రోజులకు మించి చక్కెర దాచుకోవద్దన్న ధర్మాన్ని కొలిచే దేశంలోనే చక్కెర కోసం మనిషిని తరతరాలు దాచుకున్నారు.

జపాన్‌కూ అంటరానివారు ఉన్నారు. చర్మం, చావు పనులు చేసేవారిని మైల మనుషులుగా వేరు పెట్టారు. 1871లో చట్టం ఆ భేదాన్ని రద్దు చేసినా మనసుల్లోంచి పోలేదు. 1922లో వాళ్ళు సుయిహేయిషా అనే సొంత ఉద్యమ సంస్థ పెట్టుకోవలసి వచ్చింది. బౌద్ధ ఆలయాలు కూడా చనిపోయినవారికి పెట్టే ధర్మనామాల్లో ఈ జనానికి హీనార్థం వచ్చే అక్షరాలు చెక్కాయి. ఆ సమాధి ముందు ఎంత అందమైన చక్కెర చామంతి పెట్టినా ఏం లాభం? ఆ తప్పును సంప్రదాయాలు ఒప్పుకుని దిద్దుకోవడం 20వ శతాబ్దం చివరి దశాబ్దాల దాకా జరగలేదు. బౌద్ధం పేరు పెట్టుకున్నంత మాత్రాన సమానత్వం దానంతట అది రాదని మనం గుర్తు పెట్టుకోవాలి.

మన తెలుగువాళ్ళ చేతులూ ఈ తీపిలో ఉన్నాయి. 1834 నుంచి మారిషస్ చెరకు తోటలకు ఒప్పంద కూలీలు వెళ్ళారు. గోదావరి దగ్గరి కోరంగి రేవు నుంచి వెళ్ళినందుకు అక్కడ తెలుగువాళ్ళకు కొరింగీలని పేరు పడింది. 1860 నవంబరులో మద్రాసు నుంచి మొదటి ఓడ నాటల్ చేరింది. 1903 నుంచి మద్రాసు ఓడలు ఫిజీకీ వెళ్ళాయి. 1917లో ఆ ఒప్పంద వలస ఆగేదాకా ఎందరో మాల, మాదిగ, ఇతర పేద కులాల వాళ్ళు పరాయి నేల మీద చెరకు నరికారు. జపాన్ పేద రైతులూ 1885 నుంచి హవాయి చెరకు తోటలకు అలాగే వెళ్ళారు. తెల్ల చక్కెర లోకానికి చవకగా దొరికింది ఆ వెన్నెముకల మీదే.

మా నాయనమ్మ చెప్పేది. చిన్నప్పుడు వాళ్ళ ఊళ్ళో చెరకు గానుగ దగ్గర పొద్దస్తమానం పని చేశాక, రసం ఇస్తే దోసిట్లో పై నుంచి పోసేవారట. చెరకు నరికిన చేతులు, మోసిన చేతులు, రసం గిన్నెను మాత్రం తాకకూడదు. బాబాసాహెబ్ 1936లో కుల నిర్మూలన గ్రంథంలో రాసిన చక్వారా సంఘటన మీకు తెలుసు. జైపూర్ సంస్థానంలోని ఆ ఊళ్ళో ఒక అంటరాని మనిషి తీర్థయాత్ర నుంచి వచ్చి తన వాళ్ళకు విందు పెడుతూ నెయ్యి వడ్డించాడు. అదే నేరమైంది. కర్రలతో వచ్చి పడ్డారు. ఐదు మందుల్లో మొదటిది నెయ్యి, చివరిది చెరకు పాకం. బుద్ధుడు ఎంగిలి మెతుకులు తినేవాడిదాకా పంచమన్నవాటిని, కులం మన నోటి దాకా రానివ్వలేదు.

ఏనుగు సంగతి

ఇప్పుడు ఆ అమ్మాయి ప్రశ్నకు వస్తాను. ఈ ఏడు ఆశ్వయుజ పౌర్ణమికి, వర్షావాసం ముగిసే పవారణ రోజున, మా బస్తీలో ఇరవై ముప్పై మందిమి కలిశాం. ఆ మాసంలోనే, 1956 అక్టోబరు 14న, విజయదశమి నాడు నాగపూర్‌లో బాబాసాహెబ్ మనల్ని ధమ్మంలోకి నడిపించాడు. కాబట్టి శరదృతువు మనకు పరాయిది కాదు. మనకు ఇంతకంటే సొంత ఋతువు లేదు. త్రిశరణాలు, పంచశీలాలు అయ్యాక పెద్ద బిందెలో బెల్లం నీళ్ళు కలిపాం. కొంచెం శొంఠి, మిరియాలు. జ్వరంతో మంచం పట్టిన ఇద్దరి ఇళ్ళకు ముందు పంపాం. తర్వాత పిల్లలకు, తర్వాత మాకు. వీధి ఊడ్చే ఇద్దరు ఆ పూట డ్యూటీ ముగించుకుని అటుగా వెళుతుంటే పిలిచి, అందరికీ ఇచ్చిన గ్లాసుల్లోనే ఇచ్చాం. బేలట్ఠ కచ్చానుడి కథ అప్పుడు చెప్పాను. పుస్తకంలో చదివినప్పటికంటే ఆ గ్లాసు చేతిలో ఉన్నప్పుడు అది బాగా అర్థమైంది.

ఆ అమ్మాయి వెళ్ళబోతుంటే అన్నాను: "అమ్మా, పోయినేడు నువ్వు అడిగినదానికి జవాబు ఇప్పుడు చెబుతున్నా. ఏనుగును కొను. ఏ విగ్రహం ముందూ పెట్టకు, దాని వల్ల ఇంటికి డబ్బొస్తుందని పిల్లకు చెప్పకు. చెరకు ఎవరు నరికారో, పాకం ఎవరు పట్టారో చెప్పు. విరగ్గొట్టి అందరికీ పెట్టమను."

"మరి బొమ్మ విరిగిపోతే ఏడుస్తుంది పిన్నీ," అంది.

"ఏడవనీ. బొమ్మ ఎలాగూ కరిగిపోయేదే. పంచుకున్నదే గుర్తుంటుంది."

పదిహేను రోజుల తర్వాత, దీపావళి సాయంత్రం, పిల్ల మా గుమ్మంలోకి వచ్చింది. గుప్పిట తెరిచి నా చేతిలో ఒక తెల్లటి ముక్క పెట్టింది. ఏనుగు తొండం. మిగతాది ఏమైందని అడిగాను. వీధిలో ఎవరెవరికి ఏ ముక్క ఇచ్చిందో వరసగా చెప్పింది. తనకు తోక మిగిలిందట.